బండి మనది.. పేరు వాళ్లది

బళ్లారి: బళ్లారి రాయల్ సర్కిల్‌లో పది నిమిషాలు నిలబడి వచ్చే పోయే కార్ల నంబర్లు చూడండి. కేఏ-34 ఎక్కువే. వాటి మధ్యలో ఏపీ-02, ఏపీ-21, ఏపీ-39 కూడా తక్కువేం కాదు. అన్నీ చుట్టపుచూపుగా వచ్చిన బండ్లేమీ కావు. కొన్ని ఇక్కడే ఉంటున్నాయి. రాత్రి ఇక్కడే నిలుస్తాయి, పొద్దున్నే పిల్లల్ని ఇక్కడి బళ్లలోనే దింపుతాయి. ఆర్‌సీలో పేరు మాత్రం అనంతపురంలోనో, గుంతకల్లులోనో, ఆదోనిలోనో ఉన్న ఇంకొకరిది.

1953లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు బళ్లారి మైసూరు వైపు వచ్చింది. సంబంధాలు, పొలాలు, వ్యాపారాలు అటూ ఇటూ ఉండిపోయాయి. విడపనకల్లు దాటితే ఇంకో రాష్ట్రమన్న సంగతి మనకు గుర్తుండదు. కారు కొనేటప్పుడు మాత్రం గుర్తుంచుకోక తప్పదు.

కౌల్‌బజార్ వైపు చిన్న జీన్స్ యూనిట్ నడిపే ఒకాయన 2021 చివర్లో అనంతపురం పోయి డీజిల్ కారు కొన్నారు. అదే మోడల్ ఇక్కడ నాలుగు లక్షల అరవై వేలు చెబితే, అక్కడ మూడు లక్షల ఎనభైకే వచ్చింది. ‘బండి బాగుంది, రేటు బాగుంది. నంబరుదేముందిలే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు అనుకుంటి’ అంటారాయన. మధ్యవర్తి ఆయన చేతిలో పెట్టినవి ఆర్‌సీ, రెండు తాళాలు, పాత యజమాని సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు 29, 30. ‘ఏం కాదన్నా, సంతకాలన్నీ ఉండాయి. మీకెప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోండి’ అని భరోసా ఇచ్చాడట.

ఆ ఖాళీ ఫారాలు మూడేళ్లు బీరువాలోనే ఉన్నాయి. 2023లో బీమా గడువు అయిపోయింది. కట్టలేదు. 2024లో మోకా రోడ్డులో బైకు మీద పోతున్న పాల వ్యాపారికి ఈ కారు తగిలింది. ప్రాణం దక్కింది కానీ కాలు విరిగి నాలుగు నెలలు మంచాన పడ్డాడు. పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో కేసు వేశాడు.

నోటీసు ఎవరికి పోయింది? అనంతపురంలో ఉంటున్న రిటైర్డు టీచరుకు. కారు మొదటి యజమాని ఆయనే. ఆ కాగితం పట్టుకుని బస్సెక్కి బళ్లారికి వచ్చారు. రెండు రోజులు వెతికితే గానీ కారు దొరకలేదు. ‘నేను అమ్మి మూడేళ్లయింది నాయనా. గుద్దినోడెవరో నాకు తెల్దు. నోటీసు మాత్రం నా ఇంటికొచ్చె’ అని యూనిట్ గడపలో కూర్చున్నారు. జీన్స్ యూనిట్ ఆయన మంచినీళ్లు ఇచ్చారు కానీ ఏం చెప్పాలో తెలియలేదు. ఈ విలేకరికి ఇద్దరూ విడివిడిగా చెప్పిన మాట ఒక్కటే.. ‘బ్రోకరు చూసుకుంటాడనుకున్నా’.

పేరున్నోడే యజమాని

ఇలాంటిదే ఒక కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో అమ్మిన కారు చేతులు మారుతూ పోయి 2009లో ప్రమాదం చేసింది. బీమా లేదు. ఆర్‌సీలో మాత్రం మొదట అమ్మినాయన పేరే ఉంది. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, బాధితుడికి పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. దెబ్బతిన్నవాడు కారు ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదన్నది అందులోని న్యాయం. అమ్మినవాళ్లకు ఇది పిడుగే. అలాగని కొన్నవాళ్లు సుఖపడేదీ ఏమీ లేదు. పాలసీ పాత యజమాని పేరు మీదే ఉంటే, బండికి జరిగిన నష్టానికి కొన్నాయన క్లెయిము అడిగినప్పుడు కంపెనీ కాదంటుంది. పాలసీ తన పేరుకు మార్చమని కొన్న 14 రోజుల్లోపు అడగాలని చట్టమే చెబుతోంది.

ఆ ‘ఏడాది’ ఎవరికి?

‘ఏడాది దాకా ఏం కాదు’ అన్న మాట సరిహద్దు పల్లెల్లో అందరి నోటా వింటాం. సగమే నిజం. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్‌లో 12 నెలల మాట ఉంది. అది సొంత బండితో వేరే రాష్ట్రానికి వచ్చి ఉంటున్నవాళ్లకు సంబంధించింది. బదిలీ మీద వచ్చిన ఉద్యోగి లాంటి వాళ్లన్న మాట. బండి కొన్నవాళ్లకు వర్తించేది 50వ సెక్షన్. కొన్నాయన 30 రోజుల్లో తను ఉండే చోటి ఆర్‌టీఓకు తెలపాలి. అమ్మినాయనకూ బాధ్యత ఉంది. వేరే రాష్ట్రం వాళ్లకు అమ్మితే 45 రోజుల్లో ఎన్‌ఓసీ గానీ, దానికి దరఖాస్తు చేసిన రసీదు గానీ అందజేయాలి. మన దగ్గర ఈ రెండూ జరగవు. ఖాళీ ఫారాలు మాత్రం చేతులు మారుతుంటాయి.

అసలు వరస ఇట్లా ఉంటుంది. డబ్బు ఇవ్వక ముందే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడాలి. రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉందా, బీమా ఎప్పటి దాకా ఉంది, ఏ బ్యాంకు పేరు మీదైనా తాకట్టు ఉందా అన్నవి తెలుస్తాయి. అప్పు తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అట్లే మిగిలిపోవడం మామూలే. అది తీసేయాలంటే బ్యాంకు లేఖ, ఫారం 35 కావాలి. ఆ తర్వాత అమ్మినాయన ఫారం 28 మీద ఎన్‌ఓసీకి దరఖాస్తు పెడతారు. పన్ను బకాయిలు లేవని, దొంగతనం కేసు లేదని పోలీసు నివేదిక చూశాకే ఇస్తారు. 30 రోజుల్లో ఇవ్వనూ లేదు, కాదనీ చెప్పలేదంటే ఇచ్చినట్టే లెక్క అని చట్టంలో ఉంది గానీ, ఆ మాట నమ్ముకుని కౌంటరు దగ్గరికి వెళ్లిన వాళ్లను ఈ విలేకరి ఇంతవరకు చూడలేదు. ఎన్‌ఓసీ మీద ఏ ఆర్‌టీఓ పేరుందో చూసుకోవాలి. బళ్లారిలో ఉంటూ హొసపేట పేరున తెచ్చుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడికొచ్చాక ఫారాలు 27, 29, 30 ఇచ్చి, బండి చూపించి, చాసిస్ నంబరు అచ్చు తీయించి, జీవితకాల పన్ను కట్టాలి. బేరం తప్పేది ఇక్కడే. పన్ను మీరు కొన్న ధర మీద వేయరు. కారు మొదటి ధర మీద లెక్కగట్టి, వయసును బట్టి తగ్గిస్తారు. అవతల చౌకగా వచ్చిందనుకున్న ఎనభై వేలలో సింహభాగం ఇక్కడే పోవచ్చు. అటు రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడిగే వీలుంది. ఆ డబ్బు ఎవరు తీసుకోవాలో బేరంలోనే తేల్చుకుంటే తర్వాత తగువుండదు.

మధ్యవర్తుల విషయంలో ఒక మార్పు వచ్చింది. పాత బండ్లు అమ్మే డీలర్లు ఆర్‌టీఓ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. యజమాని బండిని అలాంటి డీలరుకు అప్పగించి ఆ సంగతి ఆన్‌లైన్‌లో తెలిపితే, అక్కడి నుంచి బాధ్యత డీలరుదే. టీచరు కారు అమ్మే నాటికి ఈ రూలు లేదు. ఇప్పుడున్నా, టీకొట్టు దగ్గర కూర్చుని ఫోన్లో ఫొటోలు చూపించే బ్రోకర్లలో ఎంతమంది దగ్గర ఆ పత్రం ఉంటుంది? అడిగి చూడండి, మాట మారుస్తారు.

ఢిల్లీ కార్ల సంగతీ ఒక మాట. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదని హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2022 జనవరిలో దాదాపు లక్ష డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్లు రద్దు చేశారు. 2025లో కోర్టు కొంత వెసులుబాటు ఇచ్చినా, అక్కడి నుంచి లారీల మీద వచ్చే చౌక కార్లలో రద్దయిన బండి ఉందేమో యాప్‌లో చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. పెద్ద కారు చిన్న ధరకు వస్తోందంటే కారణం ఇంజన్లోనే ఉండాలని లేదు, కాగితాల్లోనూ ఉండొచ్చు.

జీన్స్ యూనిట్ కారుకు అప్పటి అప్పు తీరిపోయింది గానీ, అప్పిచ్చిన బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. లేఖ కోసం మూడు బ్రాంచీలు తిరిగారు. ఓటీపీ టీచరు ఫోనుకే వస్తుంది కాబట్టి ఆయన లేకుండా ఏ పనీ కదల్లేదు. నోటీసుకు ముందు ముఖాముఖాలు తెలియని ఇద్దరూ కలిసి అనంతపురం రవాణా కార్యాలయానికి నాలుగుసార్లు పోయారు. ఖర్చంతా కొన్నాయనదే. ఎన్‌ఓసీ వచ్చింది, బీమా కట్టారు, 2025లో కేఏ-34 నంబరు పడింది. పాల వ్యాపారి కేసు మాత్రం ప్రమాదం నాటి రికార్డు ప్రకారమే నడుస్తోంది. పరిహారం తానే కడతానని జీన్స్ యూనిట్ ఆయన మాటిచ్చారు. అయినా వాయిదా ఉన్న రోజున టీచరు తెల్లవారుజాము బస్సుకే బళ్లారి వస్తున్నారు.