మన ఊరి గ్రౌండ్‌కు ఎన్ని మార్కులు? చిట్కుల్ వాసులు ఒక సాయంత్రం పెడితే తేలిపోతుంది

ఆదివారం సాయంత్రం పోరగాళ్లు ఎక్కడ ఆడుతున్నారో చూడండి. ఆ ఊరికి గ్రౌండ్ ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది. గల్లీలో బైకుల మధ్య క్రికెట్ ఆడుతుంటే, ఎవరిదో ఖాళీ ప్లాట్‌లో ఇటుకలు నిలబెట్టి వికెట్లు చేసుకుంటుంటే, కాగితం మీద గ్రౌండ్ ఉన్నా వాళ్లకు లేనట్టే.

పటాన్‌చెరు మండలం చిట్కుల్ లాంటి ఊళ్లలో ఈ సంగతి ఇంకా ముఖ్యం. చుట్టూ ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం. కంపెనీలు, వాటిలో పనిచేసేవాళ్లకు కిరాయి గదులు, కొత్త వెంచర్లు. ఇవాళ పిల్లలు ఆడుకున్న ప్లాట్‌లో రేపు పిల్లర్లు లేస్తాయి. ప్లాట్ యజమానిని తప్పు పట్టలేం, అది ఆయన సొంత జాగ. కాబట్టి ఊరి పేరు మీద ఉన్న గ్రౌండ్ ఒక్కటే పిల్లలకు మిగిలే జాగ. అది ఎట్ల ఉంది, దాని బలం ఏంది, లోపం ఏంది అన్నది ఊరోళ్లే లెక్క తీయాలి.

క్రీడా ప్రాంగణం అంటే ఏంది?

2022 జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినోత్సవం రోజు, అప్పటి ప్రభుత్వం తెలంగాణ క్రీడా ప్రాంగణాలను ప్రారంభించింది. ప్రతి ఊరికి, పట్టణాల్లో ప్రతి వార్డుకు ఒకటి ఉండాలన్నది లక్ష్యం. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు, లాంగ్ జంప్ పిట్, కసరత్తుకు ఇనుప బార్లు పెట్టాలన్నారు. ఊళ్లలో నేల చదును చేసే పనులకు ఉపాధి హామీ పథకాన్ని వాడుకున్నారు.

ఆలోచన మంచిదే. కొన్ని ఊళ్లలో పిల్లలు వాడుకుంటున్నారు కూడా. అయితే చాలా జిల్లాల నుంచి వేరే వార్తలు కూడా వచ్చాయి. ఊరికి దూరంగా జాగ ఇచ్చారని, గడ్డి మొలిచిందని, బోర్డు తప్ప ఏమీ మిగల్లేదని పత్రికలు రాశాయి. మరి మీ ఊరిది ఏ లెక్కలోకి వస్తుంది? "బాగుంది", "బాగాలేదు" అనే మాటతో పని జరగదు. కొలత కావాలి.

డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్ల పద్ధతి

అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు అక్కడి పార్కుల్లో ఒక వింత ఆట చూసే ఉంటాయి. ఇనుప స్తంభానికి గొలుసులు వేలాడే బుట్ట ఉంటుంది. ప్లాస్టిక్ పళ్లెం లాంటి డిస్కును దూరం నుంచి విసురుతూ, వీలైనంత తక్కువ విసుర్లలో ఆ బుట్టలో వేయాలి. అదే డిస్క్ గోల్ఫ్. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ దీనికి మొదటి శాశ్వత కోర్సు ఏర్పాటు చేశారు.

మామూలు గోల్ఫ్‌కు ఎకరాల కొద్దీ గడ్డి పెంచి, నీళ్లు పెట్టాలి. దీనికి చెట్లు, ఎత్తుపల్లాలు ఉన్న మామూలు పార్కు చాలు. పార్కు అందరిదీ కాబట్టి ఆడేవాళ్లు తమ కోర్సును నిశితంగా చూస్తారు. కొత్తగా వచ్చినవాడు ఆడగలడా? ఆట వచ్చినవాడికి విసుగు పుట్టదా? విసిరిన డిస్కు నడకకు వచ్చినవాళ్లకు తగిలే ప్రమాదం ఉందా? దారి చూపే బోర్డు ఉందా? వానకు బురద అవుతుందా? చెత్త తీసేది ఎవరు? ఒక్కో ప్రశ్నకు బలం ఒక పక్క, లోపం ఒక పక్క రాసుకుంటారు.

చిట్కుల్‌కు డిస్క్ గోల్ఫ్ బుట్టలు తెమ్మని చెప్పడం లేదు. ఆ చూసే పద్ధతి మాత్రం పైసా ఖర్చు లేకుండా మనకు పనికొస్తుంది. కింద ఆరు పరీక్షలు ఉన్నాయి. ఒక్కోదానికి 5 మార్కులు, మొత్తం 30.

1. జాగ సరిపోతుందా?

ముందు కొలవండి. పెద్దవాళ్ల ఒక అంగ దాదాపు ముప్పావు మీటరు. టేపు ఉంటే ఇంకా మంచిది.

వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ 3 మీటర్లు వదలాలి. కబడ్డీకి మగవాళ్లకు 13 మీటర్లు, 10 మీటర్లు. ఆడవాళ్లకు 12, 8. ఖోఖోకు 27, 16. లాంగ్ జంప్‌కు పోటీ స్థాయిలో 40 మీటర్ల పరుగు బాట, చివర ఇసుక గుంత. చుట్టూ వదిలే జాగతో కలిపి లెక్క వేస్తే ఇవన్నీ పక్కపక్కన రావడానికి సుమారు 13 గుంటలు కావాలి. అర ఎకరం, అంటే 20 గుంటలు ఉంటే హాయిగా పడతాయి. 10 గుంటలే ఉంటే అన్నీ ఇరికించి దేన్నీ సరిగా ఆడలేకుండా చేయడం కన్నా రెండు ఆటలు ఎంచుకోవడం మేలు.

ఇక్కడే ఈ ప్రాంగణాల అసలు బలం, అసలు లోపం రెండూ ఉన్నాయి. కబడ్డీ, ఖోఖోకు సామాను అక్కరలేదు, జాగ తక్కువ చాలు, ఒకేసారి 20 మంది ఆడొచ్చు. కానీ మన పోరగాళ్లు ఎక్కువగా ఆడేది క్రికెట్. బౌండరీ 60 మీటర్లకు గీసినా క్రికెట్ మైదానానికి మూడు ఎకరాల దగ్గర కావాలి. ప్రాంగణంలో అది కుదరదు. పెద్ద మ్యాచ్‌కు పటాన్‌చెరు మైత్రి మైదానం లాంటి చోటికి పోవాల్సిందే. ఊరి గ్రౌండ్ దాని జాగ ఏమో కాదు, అది రోజూ ఆడుకునే జాగ. ఆ లెక్కతోనే మార్కులు వేయండి.

2. నేల ఎట్ల ఉంది?

చెప్పులు విప్పి ఒక చివర నుంచి ఇంకో చివరకు నడవండి. కాలికి రాయి, గాజు పెంకు, ఇనుప ముక్క గుచ్చుకుంటే కబడ్డీ ఆడే పిల్లవాడి మోకాలి గతి ఏంటో అర్థమవుతుంది. లాంగ్ జంప్ పిట్‌లో ఇసుకను చేత్తో తవ్వి చూడండి. గట్టిపడి ఉంటే అక్కడ దూకడం ప్రమాదం.

పెద్ద వాన పడిన మరుసటి రోజు ఇంకోసారి రండి. నీళ్లు అట్లే నిలబడి ఉంటే ఎత్తు సరిచేసి, ఒక పక్కకు వాలు ఇచ్చి, కాలువ తీయాలి. నల్లరేగడి అయితే పైన మొరం పోసి రోలర్ తిప్పాలి.

మన ప్రాంతంలో ఒక జాగ్రత్త అదనం. గుంతలు పూడ్చడానికి కంపెనీల నుంచి వచ్చే బూడిద, రంగు మారిన మట్టి, వాసన వచ్చే వ్యర్థాలు ఎవరు ఉచితంగా ఇస్తామన్నా పోయనీయొద్దు. పిల్లలు ఆ దుమ్మునే పీలుస్తారు, ఆ చేతులతోనే తింటారు.

3. పదేళ్ల పిల్ల ఒక్కతే రాగలదా?

బస్తీ నుంచి గ్రౌండ్‌కు నడిచి చూడండి. పది నిమిషాలు దాటితే చిన్న పిల్లలు రోజూ రారు. దారిలో లారీలు తిరిగే రోడ్డు దాటాలా? కుక్కల గుంపు ఉందా? పక్కనే ఓపెన్ నాలా, మూత లేని బావి, చెరువు లోతు ఉన్నాయా? కరెంట్ తీగలు నెత్తి మీద పోతున్నాయా? ముంబై హైవే దాటించాల్సి వస్తే ఏ తల్లీ పంపదు. గ్రౌండ్ ఎంత బాగున్నా దారి బాగాలేకపోతే మార్కులు కోయాల్సిందే.

4. ఎవరు ఆడుతున్నారు?

వరుసగా మూడు రోజులు, సాయంత్రం 5 నుంచి 6:30 వరకు తలకాయలు లెక్కపెట్టండి. నాలుగు వరుసలు రాసుకోండి: మగపిల్లలు, ఆడపిల్లలు, పెద్దవాళ్లు, ఊరికి కొత్తగా వచ్చిన కార్మికుల కుటుంబాల పిల్లలు.

చాలాచోట్ల ఆడపిల్లల వరుసలో సున్నా పడుతుంది. అప్పుడు "మా ఆడపిల్లలకు ఆటల మీద ఇష్టం లేదు" అని తేల్చేయకండి. వాళ్లనే అడగండి. మూత్రశాల లేదు, కూర్చునే నీడ లేదు, పెద్ద పోరగాళ్లు జాగ ఆక్రమించుకుంటారు, చీకటి పడేసరికి ఇంట్లో ఉండాలి అని చెప్తారు. వీటిలో కొన్ని పైసలు లేకుండానే తీరతాయి. వారంలో మూడు రోజులు 4:30 నుంచి 5:30 వరకు ఆడపిల్లలకే అని ఊరంతా ఒప్పుకుని బోర్డు మీద రాస్తే, ఇద్దరు తల్లులు అక్కడ కూర్చుంటే, సున్నా మారుతుంది.

బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇక్కడ బంధువులు లేరు, భాష కొత్త. వాళ్లకు స్నేహం దొరికేది ఆటలోనే. వాళ్లను "బయటోళ్లు" అని తరిమితే గ్రౌండ్ ఊరిది కాకుండా కొందరిది అవుతుంది.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల నడక లాంటి కదలిక కావాలి. షిఫ్ట్ దిగి వచ్చిన మనిషికి కూడా ఈ గ్రౌండ్ పనికిరావాలి.

5. నీళ్లు, నీడ, వెలుతురు, గాలి

తాగేందుకు నల్లా ఉందా? చుట్టూ వేప, కానుగ లాంటి చెట్లు నాటారా, అవి బతికున్నాయా? శీతాకాలంలో ఆరు గంటలకే చీకటి పడుతుంది. ఒక్క స్తంభం మీద రెండు లైట్లు వేస్తే ఇంకో గంట ఆట దొరుకుతుంది, తాగేవాళ్ల బెడద కూడా తగ్గుతుంది.

గాలి సంగతి మన దగ్గర మర్చిపోకూడదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ఇచ్చిన తీవ్ర కాలుష్య పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం ఉంది. ఇప్పుడు ఇక్రిశాట్ దగ్గర గాలి నాణ్యత కొలిచే కేంద్రం ఉంది. దాని లెక్క సమీర్ అనే మొబైల్ యాప్‌లో కనబడుతుంది. సూచీ 100 దాటితే ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువ పరుగెత్తొద్దు. 200 దాటితే ఆ రోజు పిల్లలందరి పరుగు పందేలు ఆపి తేలిక ఆటలు పెట్టండి. ఘాటు వాసన వస్తుంటే యాప్ కోసం చూడక్కర్లేదు, పిల్లలను లోపలికి తీసుకుపోండి. తర్వాత టైము, తేదీ రాసి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి.

6. చూసుకునేది ఎవరు?

నెట్ చిరిగితే ఎవరికి చెప్పాలి? తాళం ఎవరి దగ్గర ఉంది? గడ్డి కోసేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు ఊరిలో ముగ్గురిని అడిగితే ఒకే పేరు వస్తే 5 మార్కులు. మూడు పేర్లు వస్తే 2. "ఏమో తెల్వదు" అంటే సున్నా. గ్రౌండ్లు ఎక్కువగా పాడయ్యేది పైసలు లేక కాదు, అడిగే మనిషి లేక.

మార్కులు వచ్చాక ఏం చేయాలి?

22 దాటితే మీ గ్రౌండ్ బలంగా ఉంది, కాపాడుకుంటే చాలు. 12 నుంచి 22 మధ్య ఉంటే ఏ పరీక్షలో తక్కువ వచ్చిందో అదే ముందు పట్టుకోండి. నేల, దారి సరిగా లేకపోతే వాటి తర్వాతే లైట్లు, బార్లు. 12 కన్నా తక్కువ వస్తే అసలు ఆ జాగ సరైనదేనా అని అడగాలి. ఈలోపు సర్కారు బడి గ్రౌండ్‌ను బడి అయ్యాక సాయంత్రం తెరవమని హెడ్‌మాస్టర్‌ను, బడి కమిటీని కలవండి. తరచుగా ఊరి మధ్యలో ఉండే మంచి జాగ అదే.

రాసిన కాగితాన్ని జేబులో పెట్టుకోకండి. పంచాయతీ ఉన్న ఊళ్లలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. అక్కడ చదివి తీర్మానం రాయించండి. మున్సిపాలిటీలో కలిసిన చోట కౌన్సిలర్‌కు, కమిషనర్‌కు ఇవ్వండి. సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి.

అన్నిటికన్నా ముందు జాగ కాగితం. గ్రౌండ్ ఏ సర్వే నంబర్‌లో ఉంది, ఎన్ని గుంటలు, హద్దులు ఏంటి, పనులకు ఎంత ఖర్చు చూపారు అని సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జాగ ధర పెరిగే చోట హద్దురాయి లేని గ్రౌండ్ ఏటా ఒక గజం తగ్గుతుంది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. ఆ తీర్పు మీ దరఖాస్తుకు బలం. కానీ ముందు మీ దగ్గర కొలత ఉండాలి.

వచ్చే ఆదివారం టేపు, నోట్‌బుక్కు పట్టుకుని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని పోండి. కొలిచేది పెద్దలైనా మార్కులు మాత్రం పిల్లలతోనే వేయించండి. ఆడేది వాళ్లే కదా.