ఉదర శస్త్రచికిత్సానంతర అతుకులు: కారణాలు, నివారణ

కీలకపదాలు: ఉదర శస్త్రచికిత్స, పెరిటోనియం, ఫైబ్రిన్, అతుకులు, అవరోధకాలు.

1. ఉపోద్ఘాతం

శస్త్రచికిత్స తర్వాత చర్మంపై మచ్చ మిగిలినట్లే, ఉదరకుహరంలోనూ మచ్చకణజాలం ఏర్పడుతుంది. అది ప్రేగులు, గర్భాశయం, ఉదరకుడ్యం వంటివాటిని ఒకదానికొకటి అంటిపెడితే అతుకులు (అడ్హిషన్లు) అంటారు. స్కాట్లాండ్‌లో 1986లో పొట్ట కోసి ఉదర, కటి శస్త్రచికిత్స చేసిన 29,790 మందిని పదేళ్లపాటు పరిశీలించిన అధ్యయనం 1999లో ‘లాన్సెట్’లో వెలువడింది. వారిలో 34.6 శాతం మంది అతుకులతో సంబంధం ఉన్న, లేదా ఉండగల కారణాలతో మళ్లీ ఆసుపత్రిలో చేరారు. పైగాటు మానడంతోనే చికిత్స ముగియదని ఇది స్పష్టం చేస్తుంది.

2. అతుకులు ఏర్పడే విధానం

ఉదరావయవాలను పెరిటోనియం అనే నునుపైన పొర కప్పి ఉంచుతుంది. అది గాయపడినప్పుడు ఫైబ్రిన్ పోగులు ఏర్పడి, పక్కపక్కనున్న ఉపరితలాలను జిగురులా కలుపుతాయి. సాధారణంగా ప్లాస్మిన్ అనే ఎంజైమ్ వీటిని కొద్ది రోజుల్లో కరిగిస్తుంది. రక్తప్రసరణ తగ్గినా, ఇన్‌ఫెక్షన్ సోకినా ఆ శక్తి సన్నగిల్లుతుంది. కరగని ఫైబ్రిన్‌లోకి కణాలు చేరి కొల్లాజన్‌ను నింపగా శాశ్వతమైన పట్టీ ఏర్పడుతుంది. పెరిటోనియం సుమారు వారంలో మానుతుంది కనుక నివారణకు ఆ తొలిరోజులే కీలకం.

3. నివారణ మార్గాలు

మొదటిది శస్త్రవైద్యుని నైపుణ్యం. కణజాలాన్ని మృదువుగా పట్టుకోవడం, తడి ఆరనివ్వకపోవడం, రక్తస్రావాన్ని అదుపుచేయడం, పరాయి పదార్థాలను లోపల మిగల్చకపోవడం ముఖ్యం. చేతితొడుగుల పొడి వల్ల కూడా అతుకులు ఏర్పడతాయి. ఇటువంటి ప్రమాదాల దృష్ట్యా అమెరికా ఆహార, ఔషధ సంస్థ పొడి పూసిన తొడుగులను 2017 జనవరి నుంచి నిషేధించింది.

రెండవది అవరోధకాలు. హైలురోనేట్-కార్బాక్సీమిథైల్‌సెల్యులోజ్ పొర, 4 శాతం ఐకోడెక్స్‌ట్రిన్ ద్రవం గాయపడిన ఉపరితలాలను కొన్ని రోజులు వేరుగా ఉంచి, తర్వాత శరీరంలో కలిసిపోతాయి. అయితే ప్రేగును కోసి కలిపిన కుట్టు చుట్టూ ఆ పొరను చుట్టకూడదు. అక్కడ లీకయ్యే ప్రమాదం పెరుగుతుంది. అంటే అతుకుకు కారణమైన ప్రక్రియే గాయాన్ని మాన్పుతుంది కూడా. దానిని పూర్తిగా అణచడం కాక, అవసరమైన చోట మాత్రమే నియంత్రించడం నివారణ లక్ష్యం.

4. ముగింపు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం ప్రసవాలు సిజేరియన్ ద్వారా జరిగాయి. మూత్రాశయం గర్భాశయానికి అతుక్కుంటే మరుసటి సిజేరియన్ క్లిష్టమవుతుంది. కనుక పూర్వ శస్త్రచికిత్సల వివరాలను వైద్యునికి తప్పక తెలపాలి. తెరలుతెరలుగా కడుపునొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం, మలవాయువులు బంధించడం ప్రేగు అడ్డంకికి సూచనలు. ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అతుకులను కోసి విడదీసినా కొత్తవి ఏర్పడవచ్చు. అందువల్ల తొలి శస్త్రచికిత్స నాటి జాగ్రత్తే ప్రధానం.