ఎండలో మరిగే ఇంజను: కువైట్ రోడ్ల మీద ఒక రోగనిర్ధారణ

2016 జులై 21న కువైట్ వాయవ్య ఎడారిలోని మిత్రిబా వాతావరణ కేంద్రంలో 53.9 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదయింది. ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో దాన్ని పరిశీలించి, తన లెక్కలో ఆసియా ప్రాంతపు గరిష్ఠంగా ధ్రువీకరించింది. అది నీడలో, నేలకు కొంత ఎత్తున కొలిచిన వేడి. నల్లటి తారు రోడ్డుకు జానెడు ఎత్తులో, ముందు వాహనాల పొగ మధ్య, కారు రేడియేటర్ పీల్చే గాలి అంతకన్నా వేడిగా ఉంటుంది.

ఆ రోడ్ల మీద కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగు డ్రైవర్లు ఎందరో ఉన్నారు. సొంత కార్లలో ఆఫీసులకు వెళ్ళే ఉద్యోగులూ ఉన్నారు. జహ్రా వైపు వెళ్ళే దారిలో, ట్రాఫిక్ మధ్యలో, అంతవరకూ కదలకుండా ఉన్న ఉష్ణోగ్రత ముల్లు ఒక్కసారిగా ఎర్రగీత వైపు లేస్తే వాళ్ళ ముందుండే ప్రశ్న ఒకటే: ఇంకో రెండు కిలోమీటర్లు పోనివ్వవచ్చా? పోనిస్తే చిన్న రబ్బరు గొట్టంతో పోయే ఖర్చు ఇంజను ధర దాకా వెళ్ళవచ్చు. కారు యజమానిదైతే, ఆ నిర్ణయం డ్రైవరు ఉద్యోగానికే ముప్పు కావచ్చు.

వేడి లెక్క

పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో చక్రాలను తిప్పేది స్థూలంగా మూడో వంతు. మరో మూడో వంతు పొగతో బయటికి పోతుంది. మిగిలిన భాగంలో ఎక్కువ పాలు ఇంజను చుట్టూ తిరిగే ద్రవంలోకి, అంటే కూలంట్‌లోకి, చేరుతుంది. వాటర్ పంపు ఆ ద్రవాన్ని తిప్పుతుంది, థర్మోస్టాట్ దారి తెరుస్తుంది, రేడియేటర్ ఆ వేడిని గాలికి వదులుతుంది. విల్‌హెల్మ్ మేబాక్ 1900–01లో తొలి మెర్సిడెస్ కారుకు తేనెపట్టు వంటి రేడియేటర్‌ను అమర్చిన నాటి నుంచి ఈ సూత్రం మారలేదు.

రేడియేటర్ ఎంత వేడిని వదలగలదన్నది ప్రధానంగా కూలంట్‌కూ గాలికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. కూలంట్ 95 డిగ్రీల వద్ద, గాలి 25 డిగ్రీల వద్ద ఉంటే ఆ తేడా 70. గాలి 50 డిగ్రీలకు చేరితే తేడా 45కు పడిపోతుంది. పైగా ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందే ఉంటుంది. కారు లోపలి నుంచి లాగిన వేడిని అది ఆ గాలిలోకే వదులుతుంది. అక్కడ గాలి మరో పది డిగ్రీలు వేడెక్కిందనుకుంటే మిగిలే తేడా 35. అంటే అదే రేడియేటర్ సామర్థ్యం సగానికి తగ్గింది.

ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థ ఈ భారాన్ని తట్టుకుంటుంది. కొంత మూసుకుపోయిన రేడియేటరో, నెమ్మదిగా తిరిగే ఫ్యానో ఉన్న కారు జనవరిలో ఏ ఫిర్యాదూ లేకుండా నడిచి, జులైలో చేతులెత్తేస్తుంది. అందువల్ల ‘ఉన్నట్టుండి’ వచ్చినట్టు కనిపించే వేడి చాలాసార్లు పాత లోపమే.

ఈ భ్రమకు మరో కారణం ముల్లు. చాలా కార్లలో అది నిజమైన ఉష్ణోగ్రతను అడుగడుగునా చూపదు. కూలంట్ సుమారు 80 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడ ఉన్నా ముల్లు నడిమిలోనే నిలిచేట్టు తయారీదారులు అమరుస్తారు. అది కదిలేసరికే లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. కూలంట్ బాగా కారిపోతే సెన్సర్ ద్రవంలో కాక ఆవిరిలో ఉండిపోయి, ఇంజను మాడుతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. లేచిన ముల్లు హఠాత్తుగా పడిపోవడం ఊరట కాదు, హెచ్చరిక.

మొదటి పది నిమిషాలు

ముల్లు లేవగానే ఏసీ ఆపాలి. హీటర్‌ను గరిష్ఠానికి తిప్పి, దాని ఫ్యాను వేయాలి. యాభై డిగ్రీల ఎండలో ఇది శిక్షలా అనిపించినా, హీటర్‌లో ఉన్నది మరో చిన్న రేడియేటరే. కారు పక్కకు తీసేంతవరకూ అది కొంత వేడిని లాగుతుంది. సురక్షితమైన చోటు దొరకగానే ఇంజను ఆపాలి.

రేడియేటర్ మూతను మాత్రం వేడి మీద తీయకూడదు. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ ఉన్న కూలంట్ మామూలు పీడనం వద్ద సుమారు 107 డిగ్రీలకు మరుగుతుంది. మూత నిలిపి ఉంచే అదనపు పీడనం వల్ల అది 125–130 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత తిప్పిన క్షణంలో ఆ పీడనం పోయి ద్రవంలో కొంత ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు వ్యాకోచిస్తుంది. ముఖాలూ చేతులూ కాలేది ఇందువల్లనే. పై గొట్టం చేతికి చల్లగా, మెత్తగా తగిలేంతవరకూ ఆగాలి. మండుతున్న ఇంజను మీద చల్లటి నీళ్ళు పోయడమూ ప్రమాదమే, లోహం పగలవచ్చు.

కారణాన్ని ఎలా పట్టుకోవాలి

మంచి మెకానిక్ విడిభాగాలు మార్చడంతో కాక ప్రశ్నలతో మొదలుపెడతాడు. అందులో మొదటిది: వేడెక్కింది ఎప్పుడు?

సిగ్నళ్ళ వద్ద వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడితే లోపం గాలి వైపు ఉంది. వేగంలో గాలి దానంతటదే వస్తుంది. నిలిచినప్పుడు ఫ్యానే దిక్కు. చాలా కార్లలో ఏసీ వేయగానే ఎలక్ట్రిక్ ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి. ఇంజనుతో కలిసి తిరిగే ఫ్యానైతే దాని క్లచ్ చూడాలి.

నగరంలో బాగుండి, హైవే మీద వేగంతో పాటు వేడి పెరిగితే లోపం ప్రవాహంలోనో, రేడియేటర్‌లోనో ఉంది. లోపలి గొట్టాలు పూడిపోయి ఉండవచ్చు, కింది హోస్ పైపు పంపు లాగుడుకు ముడుచుకుపోతూ ఉండవచ్చు. కువైట్‌లో మరో అనుమానితుడు ధూళి. వేసవి షమాల్ గాలులు తెచ్చే సన్నటి ఇసుక కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. రెంటినీ విడదీసి, ఇంజను వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. ఒత్తిడి పెరిగితే రెక్కలు వంగిపోయి దారి మరింత మూసుకుంటుంది.

రెండో ప్రశ్న: కూలంట్ ఉందా? తగ్గితే అది ఎక్కడికో పోయి ఉండాలి. గొట్టాల చివర్లు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు, వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం, ముందు సీటు కింద తడి చూడాలి. వ్యవస్థను చేతిపంపుతో ఒత్తిడికి గురిచేస్తే దాగిన కారుడు బయటపడుతుంది. మూత సీలు అరిగినా కూలంట్ తొందరగా మరిగి పొంగిపోతుంది. అన్నిటికన్నా చవకైన ఈ భాగాన్ని చాలామంది చివరగా చూస్తారు.

మూడో ప్రశ్న: కూలంట్ నిండుగా ఉన్నా వేడెక్కుతోందా? ఇంజను వేడిగా ఉండి, కింది గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయిందని అనుమానించాలి. వేడి ఇంజనులో హీటర్ చల్లగాలి ఇస్తే గాలిబుడగ అడ్డుపడిందనో, పంపు తిప్పడం లేదనో అర్థం. వేడితో పాటే బ్యాటరీ దీపం కూడా వెలిగితే బెల్టు తెగి ఉండవచ్చు. చాలా ఇంజన్లలో పంపునూ ఆల్టర్నేటర్‌నూ తిప్పేది ఒకే బెల్టు.

నాలుగోది అందరూ భయపడే ప్రశ్న: హెడ్ గాస్కెట్ పోయిందా? చల్లటి ఇంజను మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు ఆగకుండా బుడగలు రావడం, పొగలో తీపి వాసన గల తెల్లటి ఆవిరి, పాలలా మారిన ఇంజనాయిల్ దీనికి గుర్తులు. రసాయన పరీక్ష కూడా ఉంది: ట్యాంకు పైనున్న గాలిని నీలి ద్రవం గుండా లాగితే, దహన వాయువులు ఉన్నప్పుడు అది పసుపుపచ్చగా మారుతుంది. ఈ పరీక్ష లేకుండా హెడ్ దింపమనడం రక్తపరీక్ష లేకుండా శస్త్రచికిత్సకు రాయడం వంటిది.

గాస్కెట్ చాలాసార్లు కారణం కాదు, ఫలితం. అల్యూమినియం వేడికి పోత ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇనుప బ్లాక్ మీద బోల్టులతో బిగించిన అల్యూమినియం హెడ్ అదుపు తప్పిన వేడికి వంగి, మధ్యనున్న గాస్కెట్ నలిగిపోతుంది. అల్యూమినియం బ్లాకున్న ఇంజన్లలోనూ హెడ్ వంగే ప్రమాదం తప్పదు. ‘ఇంకో రెండు కిలోమీటర్ల’ అసలు ధర ఇది.

రెండు అపోహలు

గడ్డకట్టే చలి దాదాపు లేని దేశంలో కూలంట్ ఎందుకు, నీళ్ళు చాలవా అన్నది మొదటిది. నీళ్ళు గ్లైకాల్ కన్నా ఎక్కువ వేడిని మోస్తాయన్నది నిజమే. అయితే కూలంట్ మరిగే స్థానాన్ని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది, పంపు సీలును కాపాడుతుంది. కువైట్ కుళాయి నీళ్ళు సముద్రం నుంచి శుద్ధి చేసినవే అయినా, తాగడానికి వీలుగా వాటిలో ఖనిజాలున్న భూగర్భజలం కలుపుతారు. ఆ ఖనిజాలే లోపల పొరగా పేరుకుంటాయి. దారిలో దిక్కులేక పోసినా, తర్వాత దాన్ని వంపేసి స్వేదనజలం కలిపిన కూలంట్ పోయించాలి.

ఎండ దేశంలో థర్మోస్టాట్ తీసేస్తే మేలన్నది రెండోది. కొన్ని ఇంజన్లలో అది తెరుచుకునేటప్పుడే పక్కదారిని మూస్తుంది. తీసేస్తే కూలంట్‌లో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండా ఆ పక్కదారినే తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది.

షువైఖ్ సనాయియాలోని గ్యారేజీకి కారును ఈడ్పించేటప్పుడు యజమానికైనా, డ్రైవరుకైనా పనికొచ్చేవి నాలుగు సమాధానాలు: నిలిచినప్పుడు వేడెక్కిందా, పరుగులోనా, కూలంట్ ఎంత ఉంది, ఫ్యాను తిరిగిందా, హీటర్ ఏ గాలి ఇచ్చింది. వీటిని చెప్పగలిగినవాడికి అక్కరలేని రిపేర్లు అంటగట్టడం కష్టం. ఆ ప్రశ్నలు అడగడానికి ఇంజను మిగిలి ఉండాలంటే, ముల్లు లేచిన చోటే ఆగాలి.