టమాట ధర – అంతర్జాల సమాచార వినియోగం

పెద్దతిప్పసముద్రం రైతు కోసిన టమాటను ఎక్కువ రోజులు నిల్వ ఉంచలేడు. కావున మదనపల్లె మార్కెట్ ధర కోతకు ముందే తెలియడం అవసరం. అంతర్జాలంలో సమాచారం చిన్న ప్యాకెట్లుగా విడిపోయి, ఒక్కొక్కటి గమ్యస్థానపు చిరునామాతో రౌటర్ల గుండా పయనించి, చివర తిరిగి ఒకటవుతుంది. దారిలో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపవలసి ఉంటుంది. సిగ్నల్ బలహీనమైన చోట వీడియో ఆగిపోయినా, కొద్ది ప్యాకెట్లే గల అక్షర సందేశం చేరగలగడానికి కారణమిదే.

2000లో ప్రారంభమైన అగ్‌మార్క్‌నెట్ కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలను క్వింటాలుకు రూపాయలలో తెలుపుతుంది. మోడల్ ధర అనగా అధిక లావాదేవీలు జరిగిన ధర. గరిష్ఠ ధరనే నమ్మి కోసిన రైతు నష్టపోవచ్చు. అందుచేత విస్తరణ శాస్త్రవేత్తలు తేదీని, మోడల్ ధరను కిలో లెక్కకు మార్చి, క్లుప్త అక్షర సందేశంగా పంపడం శ్రేయస్కరం.