ఇరుసునకు తాళము

బరువెక్కించిన లారీ మెత్తని నేలలో దిగబడినప్పుడు చూచువారికి ఒక వింత కనబడును. వెనుక చక్రములలో ఒకటి బురద చిమ్ముచు గిరగిర తిరుగుచుండును. రెండవది గట్టినేలపై నున్నను కదలక మెదలక నిలిచియుండును. లాగగల చక్రము ఊరకుండుటయు, లాగలేనిది శ్రమపడుటయు ఎందువలన?

ఇందులకు కారణము ఇరుసు నడుమ నుండు డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల అమరిక. బండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము నడువవలెను. చక్రముల నడుమ ఎడము 2 మీటర్లనుకొన్నచో, లంబకోణపు మలుపులో ఆ తేడా సుమారు 3.14 మీటర్లగును, మలుపు చిన్నదైనను పెద్దదైనను ఈ లెక్క మారదు. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రములు ఇరుసుపై దేనికది తిరుగును. ఇంజను త్రిప్పు చక్రములకు మాత్రము అట్టి స్వేచ్ఛను కల్పింపవలసివచ్చినది. 1820ల చివర ఫ్రాన్సు దేశీయుడగు పెకర్ ఒక ఆవిరిబండి కొరకు ఇట్టి అమరికకు పేటెంటు పొందెను.

ఈ స్వేచ్ఛయే బురదలో ముప్పు తెచ్చును. డిఫరెన్షియల్ రెండు ప్రక్కలకును సమానమైన బలమునే పంచును. జారు చక్రము నేలను పట్టలేదు గనుక దానిని త్రిప్పుటకు స్వల్పబలము చాలును. ఆ స్వల్పబలమే రెండవదానికిని దక్కును. పైగా ఒకటి నిలిచిపోగా, జారునది రెట్టింపు వేగమున తిరిగి గుంతను లోతుచేయును.

అందుచే పెక్కు బరువు లారీలకు, టిప్పర్లకు డిఫరెన్షియల్ లాక్ అమర్చుదురు. డ్రైవరు మీట నొక్కగా, సాధారణముగా ఒత్తిడిలో నున్న గాలి పండ్లుగల కడియమును జరిపి, రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినట్లు బంధించును. డ్రైవరు ఎదుట చిన్న దీపము వెలుగును. రెండు వెనుక ఇరుసులు ఇంజనుచే తిరుగు లారీలో ఇరుసుల నడుమ మరియొక తాళముండును. ముందు దానిని వేసి, అది చాలనిచో చక్రముల తాళమును వేయుదురు.

వేయు సమయమే ముఖ్యము. గోదావరి ఇసుకలోనికి దిగబోవు డ్రైవరు, చక్రములు జారకముందే, ఒడ్డున లారీని ఆపి తాళము వేసికొనవలెను. చిక్కుకొన్న పిదప యాక్సిలరేటరు త్రొక్కి, చక్రము రివ్వున తిరుగుచుండగా మీట నొక్కువారు కలరు. ఒక ప్రక్క పరుగు, మరియొక ప్రక్క నిశ్చలము; ఆ రెంటిని ఒక్కపెట్టున కలిపినచో పండ్లు విరుగవచ్చును, ఒక్కొక్కప్పుడు ఇరుసుకడ్డీయే తెగును. ఏటికి నీరు వచ్చు కాలమున అట్లు నిలిచిపోయిన లారీ గతి చెప్పనక్కరలేదు.

తాళము వేసియున్నంతసేపు తిన్నగా, మెల్లగా నడుపవలెను. రెండు చక్రములును ఒకే వేగమున తిరుగుటచే బండి స్టీరింగు మాట వినక సూటిగా పోజూచును. గట్టిరోడ్డు మలుపులో టైర్లు ఈడ్వబడి అరుగును, ఇరుసు మెలిపడును. జారుడు పల్లమున దిగునపుడు ఇది ప్రాణాపాయకరము. కావున గట్టినేల చేరగనే తాళము తీయవలెను. మీట తీసినను దీపము వెంటనే ఆరకపోవచ్చును. ఇరుసులో మిగిలిన మెలి పండ్లను బిగబట్టి యుంచుటయే ఇందులకు కారణము. అప్పుడు యాక్సిలరేటరుపై కాలు తీసి, నాలుగడుగులు ముందుకో వెనుకకో నడిపినచో బిగువు సడలి, కడియము వెనుకకు జరిగి, దీపము ఆరును.