నల్లని బండి, తెల్లని దుమ్ము

గృహమునకు క్రొత్త వస్తువు కొనునపుడు మన స్త్రీలు దాని వెలను మాత్రమే గాక, దానిని తోముట కెంత శ్రమ, కడుగుట కెన్ని నీళ్లు, ఉంచుట కెంత చోటు అని కూడ విచారింతురు. ఇత్తడి బిందె కొన్నను, వంటయింట ఱాతి తిన్నె వేయించినను ఈ విచారణ లేక జరుగదు. కాని యింటికి మోటారు సైకిలు వచ్చునపుడు మాత్రము మన యనుభవము నెవరును అడుగరు. అంగడిలో దీపముల క్రింద నిగనిగలాడు బండిని చూచి పురుషులో, పెరిగిన పిల్లవాండ్రో "నలుపే బాగు" అని నిశ్చయించి వత్తురు. మఱునాటినుండి దానిని తుడుచు గుడ్డయు, కడుగు నీళ్లును చూడవలసిన భారము తఱచుగా మనదే యగుచున్నది. నేడు మన సోదరీమణులలో స్వయముగా బండి నడుపువారును పెక్కుమంది గలరు. కావున వన్నె మాట మనకు పట్టని దని యూరకుండుట తగదు.

మా యింటను ఇట్లే నల్లని బండి వచ్చినది. దానిపై మమకారముచే ప్రతి దినము ఉదయముననే పాత నూలుచీర చింపిన గుడ్డతో పొడిపొడిగా తుడుచుచుంటిమి. ఆఱు మాసములు గడచిన పిమ్మట నొకనాడు బండిని ఎండలో నిలిపి చూడగా, పెట్రోలు ట్యాంకు నిండ సాలెగూడువంటి సన్నని గీతలు కానవచ్చెను. మేము దుమ్మును తుడుచుచున్నా మనుకొంటిమి. నిజమునకు ఆ దుమ్ముతోనే బండిని గీయుచుంటిమి! ఈ పొరపాటు మఱియొక యింట జరుగకుండుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన నేల, మన దుమ్ము

కర్నూలు, కడప సీమలలో ఏటికి కురియు వాన సగటున సుమారు 700 మిల్లీమీటర్లు గాని, అంతకు తక్కువగా గాని యుండును. ఏడాదిలో చాల కాలము నేల పొడిగనే యుండును. ఆషాఢపు గాలి వీచునపుడు మూసిన తలుపుల సందులలోనుండి కూడ దుమ్ము లోనికి వచ్చుట మన మెఱుగనిది కాదు.

ఈ దుమ్ము అంతయు నొక్క విధమైనది కాదు. నంద్యాల, కోయిలకుంట్ల ప్రాంతములందు నల్లరేగడి యుండినను, ఆ మట్టి యెండి పొడియైనప్పుడు బూడిదవన్నె దాల్చును. ఎఱ్ఱనేలల దుమ్ము కావిరంగుగా నుండును. బేతంచెర్ల, యెఱ్ఱగుంట్ల వంటి చోట్ల సున్నపుఱాతి గనులును, ఱాళ్లు కోసి నునుపుచేయు కార్ఖానాలును, సిమెంటు కార్ఖానాలును గలవు గనుక అచ్చటి దుమ్ము తెల్లగా నుండును. నల్లని వన్నెపై ఈ మూడును స్పష్టముగా కానవచ్చును. తెల్లదుమ్ము మఱింత కొట్టవచ్చినట్లు కనబడును.

దీనికి దృష్టాంతము మన వంటయింటనే యున్నది. కడపఱాయి యని దేశమంతట పేరుపొందిన నల్లబండ మన సీమలో పుట్టినదే. దానిమీద పిండి జల్లించినప్పుడు రాలిన చిటికెడు పిండియు, ఆరిన నీటిచుక్కయు ఎంత తెల్లగా తేలునో మన కందఱకు తెలియును. నల్లబండి కూడ నల్లబండ వంటిదే.

దుమ్ములో మెత్తని మట్టితోపాటు ఇసుక రేణువులును ఉండును. ఆ రేణువు గాజును సైతము గీయగలిగినంత గట్టిది. బండి వన్నెపై నుండు పారదర్శకమైన మెఱుగుపూత గాజుకంటె ఎంతో మెత్తనిది. పొడిగుడ్డతో తుడిచినప్పుడు ఈ రేణువులు గుడ్డక్రింద చిక్కి, గరుకుకాగితమువలె పనిచేయును. గీతలు అన్ని వన్నెలపైనను పడును; నలుపుపై మాత్రము ఎండ తగిలినపుడు అవి దాగవు.

వన్నెల గుణదోషములు

నలుపుపై జనులకు గల మోజు నేటిది కాదు. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు 1914 మొదలు 1925 వఱకు తమ ప్రసిద్ధమైన టీ మాడలు కారును నల్లరంగుతోనే విక్రయించిరి. మన దేశమున 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు బుల్లెట్టు తయారగుట మొదలైనది. నల్లని ట్యాంకుపై బంగారు గీతలు గల ఆ బండి దక్షిణ దేశమున గౌరవమునకు గుఱుతుగా నిలిచినది. నల్లరంగునకు వాడునది మిక్కిలి మెత్తని మసి. మన కాటుకకును మసియే కదా మూలము! మసి యెండకు వెలవెలబోదు. కావున నలుపు చెడినట్లు కనబడుటకు కారణము రంగు కాదు. పైనున్న మెఱుగుపూత గీతలుపడి, ఎండకు మసకబారుటయే.

అయినను నలుపునకు మఱియొక దోషము గలదు. అది యెండవేడిని పీల్చుకొనును. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన సీమలో, ఎండలో నిలిపిన నల్లబండి ట్యాంకు ముట్టరానంత కాలును. బండి యే వన్నెదైనను కూర్చుండు సీటు సాధారణముగా నల్లనిదే గనుక, చిన్నపిల్లలను కూర్చుండబెట్టుటకు ముందు దానిని చేతితో తాకి చూచుట మఱువరాదు.

తెలుపు చల్లగా నుండును. సిమెంటు దుమ్మును, బూడిదదుమ్మును దాచును. కాని ఎఱ్ఱమట్టి మరకను, చైను నూనె చిందిన చుక్కను దాచలేదు. ఎఱుపు వన్నెలలో కొన్ని ఎండకు త్వరగా వెలియును. వెండివన్నెయు, లేతబూడిద వన్నెయు మన దుమ్మునకు దగ్గఱగా నుండుటచే మాపును ఎక్కువగా ఓర్చును. గీతలును వానిపై అంతగా కానరావు. నీటికి కటకటపడు గ్రామములవారికి ఈ రెండు వన్నెలు మేలని మా యభిప్రాయము. ఇక మెఱుపులేని నలుపు ఒకటి యిటీవల వచ్చినది. దానిని మెఱుగుపెట్టరాదు, మైనము పూయరాదు. పూసినచో మచ్చలు మచ్చలుగా మెఱయును. నూనెచేతి గుఱుతు పడినను దానిపై పోగొట్టుట కష్టము.

రంగుల ప్రసక్తి వచ్చినది గనుక మన సీమ గొప్ప యొకటి చెప్పవలెను. పూర్వపు కడప జిల్లాలోనిదైన మంగంపేటలో దొరకు ముగ్గుఱాయి, అనగా బెరైటీసు, లోకమున పేరెన్నిక గన్నది. ఆ ఖనిజపు పొడిని రంగుల తయారీలో కూడ వాడుదురు.

వన్నె మార్పింప దలచువారు రెండు విషయములు తెలిసికొనవలెను. బండి రంగు రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడి యుండును; కనుక రవాణా కార్యాలయమునకు తెలుపక మార్పరాదు. సైనికవాహనములకు వాడు ఆలివుపచ్చ రంగును ఇతరులు తమ వాహనములకు వేయరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు శాసించుచున్నవి.

రెండు బకెట్ల నీటితో కడుగు విధము

నల్లబండి యింటికి వచ్చియే యున్నచో చింతింప బనిలేదు. పద్ధతి తెలిసినచో వారమున కొకసారి రెండు బకెట్ల నీళ్లు చాలును. గొట్టము విడిచి ధారగా కడుగువారు ఇంతకు ఎన్నో రెట్లు నీటిని వృథాచేయుచున్నారు.

ప్రొద్దుననో, సాయంకాలముననో నీడయందు బండిని నిలుపవలెను. ఇంజను, సైలెన్సరు పూర్తిగా చల్లారిన పిమ్మటనే నీరు తాకవలెను. సైలెన్సరు రంధ్రమునకు ఒక సంచి కట్టి, తాళపుచెవి రంధ్రముపై గుడ్డ కప్పవలెను. మొదట చెంబుతో నీరు పైనుండి క్రిందికి పోసి దుమ్మును నాననిచ్చి జాఱనీయవలెను. ఈ పని ముగియువఱకు గుడ్డ తగిలింపరాదు.

పిమ్మట ఒక బకెట్టులో వాహనములకై అమ్ము షాంపూ కొంచెము కలిపి, రెండవ బకెట్టులో ఉత్తనీరు ఉంచుకొనవలెను. మెత్తని మైక్రోఫైబరు గుడ్డను షాంపూ నీట ముంచి, ట్యాంకు మొదలుకొని క్రిందికి అదుముకొనక మెల్లగా తుడుచుచు, గుడ్డకు మన్ను పట్టినప్పుడెల్ల ఉత్తనీట జాడించి మరల ముంచవలెను. చక్రములకును, చైను దగ్గఱి జిడ్డునకును వేఱొక గుడ్డ నియమింపవలెను. మసిగుడ్డతో కంచము తుడువము గదా!

చివరి కడుగు మిక్కిలి ముఖ్యము. సున్నపుఱాతి నేలలలోని బోరునీరు కఠినమైనది. నీళ్లు కాచు పాత్ర లోపల కట్టు తెల్లని పక్కు అట్టి నీటివలననే కలుగుచున్నది. ఆ నీరు నల్లబండిపై ఆరినచో చుక్కచుక్కకు ఒక తెల్లని వలయము మిగులును. కావున చివర రెండు మూడు చెంబులు వాననీరో, కాలువనీరో, మెత్తనినీరు మఱేదేనియో పోసి, వెంటనే పొడిగుడ్డతో తడి యద్దవలెను. ఇంట త్రాగునీటి శుద్ధియంత్రము విడుచు వృథానీటిని బండికి వాడుట కొందఱి యలవాటు. ఆ నీటిలో ఉప్పులు ఇంకను ఎక్కువగా నుండును గనుక నల్లబండికి అది పనికిరాదు; ఇల్లు తుడుచుటకు వాడుకొనవచ్చును.

మెఱుగుగల వన్నెకు రెండు మూడు మాసముల కొకమాఱు వాహనపు మైనము పలుచగా పూసి తుడిచినచో దుమ్ము గట్టిగా అంటదు. తరువాతి కడుగు సులువగును. చైనునకు మాత్రము కడిగిన పిమ్మట తడి యారనిచ్చి, తగిన నూనె వేయుట మఱువరాదు.

చేయరాని పనులు

బట్టలసబ్బు, గిన్నెలసబ్బు వాడరాదు. అవి మైనమును తొలగించి వన్నెను మోటుపఱచును. మెఱుపునకై డీజిలుగాని, కొబ్బరినూనెగాని పూయుట మన యూళ్లలో చూచుచున్నాము. ఆ మెఱుపు ఒక్కపూటది. సాయంకాలమునకు వీధిలోని దుమ్మంతయు దానిపై చేరును. డీజిలు రబ్బరును కూడ చెఱచును. సీటుకు, చక్రములకు, బ్రేకులకు నూనె తగులుట ప్రాణాపాయకరము. ఇత్తడికి వలె చింతపండు, నిమ్మచెక్క పెట్టి తోముటయు కూడదు.

పక్షిరెట్ట పడినచో తడిగుడ్డ కొంతసేపు వేసి నానబెట్టి తీయవలెను. ఎండలో విడిచినచో వన్నెను తినివేయును. దసరా ఆయుధపూజనాడు పెట్టు పసుపు కుంకుమలను భక్తితో పెట్టవలసినదే. కాని రంగుపై గాక అద్దముపైననో, నంబరు పలకమీదనో పెట్టి, పలకపై పెట్టినవానిని బండి వీధిలోనికి తీయుటకు ముందే తుడిచివేసినచో మరక మిగులదు, అంకెలు మాటుపడవు. దుమ్ముపట్టిన బండిపై కప్పు వేసినచో గాలికి ఆ కప్పే గీతలు పెట్టును. శుభ్రమైన బండిపై శుభ్రమైన కప్పే వేయవలెను.

అందముకంటె ముఖ్యమైనది

నల్లబండి సందెచీకటిలో ఎదుటివారికి కానరాదేమో యని పలువురు భయపడుదురు. న్యూజీలాండు దేశపు ఆక్లండు ప్రాంతమున జరిగిన ఒక పరిశోధన 2004లో బ్రిటిషు వైద్యపత్రికలో వెలువడినది. అందు బండి రంగునకును, ప్రమాదమున గాయపడుటకును సంబంధము కానరాలేదు. కాని నల్ల హెల్మెట్టు ధరించినవారికంటె తెల్ల హెల్మెట్టు ధరించినవారికి అపాయము నూటికి 24 పాళ్లు తక్కువగాను, వెలుగు పడిన మెఱయు దుస్తులు వేసికొన్నవారికి అట్టివి వేసికొననివారికంటె 37 పాళ్లు తక్కువగాను ఉన్నట్లు తేలినది. పగటియందును హెడ్‌లైటు వెలిగించువారికి 27 పాళ్లు తక్కువ. మన దేశమున 2017 ఏప్రిలు 1వ తేదీ నుండి తయారగు ద్విచక్రవాహనములకు హెడ్‌లైటు తనంతట తానే వెలుగునట్లు ఏర్పాటు చేయబడినది.

కావున ట్యాంకు మెఱపించుటకు ముందు హెడ్‌లైటు అద్దమును, వెనుకటి ఎఱ్ఱదీపమును, నంబరు పలకను శుభ్రముగా నుంచవలెను. మన దుమ్ము దీపముపై పేరుకొన్నచో దాని వెలుగు సగము చచ్చును. బండి నల్లనిదైనను హెల్మెట్టు తెల్లనిది కొనుడు. వెనుక కూర్చుండు మనకును హెల్మెట్టు చట్టప్రకారము అవసరమే. అది భర్తకో, కుమారునికో మాత్రమే యని తలంపరాదు. వెనుక చక్రమునకు చీర చిక్కకుండ నుండు కంచెను, అందమునకు అడ్డమని తీసివేయించు యువకులు గలరు. అట్టి పని యెన్నడును సాగనీయరాదు. చక్రమున చీరకొంగు చిక్కినచో జరుగు అనర్థమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

సోదరీమణులారా! ఇంటికి బండి కొననెంచినపుడు మీరును అంగడికి వెళ్లుడు. దీపముల క్రింద గాక, వీధిలోని ఎండకు తెచ్చి చూపుమని యడుగుడు. మా వీధి దుమ్ము ఏ వన్నెది, మా యింటి నీరు ఎట్టిది, దీనిని కడుగువా రెవరు అను మూడు ప్రశ్నలు వేసికొని పిమ్మట వన్నెను నిర్ణయింపుడు. నలుపే కావలెనని యింటివారు పట్టుపట్టినచో కాదనవలదు; కాని వారమున కొకసారి ఆ రెండు బకెట్లను వారి చేతికే యిండు. బిందెడు నీటికై మైళ్లు నడచిన తల్లుల కడుపున పుట్టినవారము మనము. బండి మెఱయవలసినదే, ఆ మెఱుపు నీటిని వృథాచేసి గాక, నేర్పుచే వచ్చినదిగా నుండవలెను.