క్రాంక్‌షాఫ్ట్ వణుకు ఎలా అదుపులో ఉంటుంది?

పులివెందుల చీనీ తోటల్లో దున్నే ట్రాక్టరైనా, జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు మీదుగా నాపరాయి మోసే లారీ అయినా, ఇంజిన్‌లోని క్రాంక్‌షాఫ్ట్‌కు తోపు ఆగి ఆగి అందుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒక్కసారే పిస్టన్‌ను బలంగా తోస్తుంది. మూడు సిలిండర్ల ట్రాక్టర్‌లో ఆ తోపు 240 డిగ్రీలకు, ఆరు సిలిండర్ల లారీలో 120 డిగ్రీలకు ఒకసారి వస్తుంది.

ఈ హెచ్చుతగ్గులను సరిచేసేది వెనకనున్న బరువైన ఫ్లైవీల్. తోపు వచ్చినప్పుడు శక్తిని దాచుకుని, లేనప్పుడు తిరిగి ఇస్తుంది. క్రాంక్ పిన్నులకు ఎదురువైపు ఉండే కౌంటర్ వెయిట్లు బరువును సమం చేస్తాయి.

అసలు చిక్కు మెలికతో వస్తుంది. ఎంత గట్టి ఉక్కు షాఫ్టయినా, తడిబట్ట పిండినట్టు, ప్రతి తోపుకూ రవ్వంత మెలితిరిగి వెనక్కి వస్తుంది. షాఫ్ట్ పొడవైతే ఇది మరీ ఎక్కువ. తోపుల లయ షాఫ్ట్ సహజ కంపన లయతో కలిస్తే మెలిక పెరిగి, చివరకు షాఫ్టే విరగవచ్చు. అందుకే ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో షాఫ్ట్ ముందు కొసన డ్యాంపర్ బిగిస్తారు. లోపల హబ్, బయట ఇనుప వలయం, నడుమ రబ్బరు. షాఫ్ట్ వణికినా వలయం తన వేగాన్ని వదలదు. నడుమ నలిగే రబ్బరు ఆ కంపన శక్తిని వేడిగా మార్చేస్తుంది. కొన్ని పెద్ద ఇంజిన్లలో రబ్బరుకు బదులు చిక్కటి సిలికాన్ ద్రవం ఉంటుంది.

వేడికి, వయసుకు రబ్బరు గట్టిపడి పగులుతుంది. డ్యాంపర్ చెడినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి, సర్వీసింగ్‌లో దాన్ని తప్పక చూడాలి.